ఆడి టీటీకి 19 అంగుళాల అల్లాయ్స్: బోల్టులు పడితే సరిపోతుందా?

నల్లగండ్ల_టీటీ:

అందరికీ నమస్కారం. 2016 మోడల్ ఆడి టీటీ (45 టీఎఫ్ఎస్ఐ క్వాట్రో, అంటే నాలుగు చక్రాలతోనూ నడిచేది) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బండికి వంక పెట్టే పని లేదు. కంపెనీ చక్రాలు మాత్రం ఫుట్‌పాత్‌లకు గీరుకుని చూడ్డానికి జాలిగా ఉన్నాయి, ఒకదాని లోపలి అంచు వంగింది కూడా. వాటిని బాగుచేయించే బదులు కొత్త సెట్టే వేసేద్దామని ఆలోచన.

ఇప్పుడున్నవి 18 అంగుళాలు, 9జె (9 అంగుళాల) వెడల్పు, ఈటీ (ఆఫ్‌సెట్) 52, టైర్లు 245/40 ఆర్18 (వెడల్పు 245 మి.మీ., గోడ ఎత్తు అందులో 40 శాతం). కూకట్‌పల్లి వైపు ఒక షాపులో నచ్చిన సెట్: 19 అంగుళాలు, 8.5జె, ఈటీ 35, 5×112 (ఐదు బోల్టులు, వాటి వలయం వ్యాసం అంటే పీసీడీ 112 మి.మీ.), మధ్య రంధ్రం 66.6. షాపాయన "సార్, పీసీడీ అదే కదా, కళ్ళు మూసుకుని బిగించెయ్యొచ్చు" అంటున్నాడు. నాకేమో కళ్ళు తెరుచుకునే బిగించుకోవాలని ఉంది. రోజూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా, ఆదివారం పొద్దున ఓఆర్ఆర్ మీద కాసేపు. టైర్లు 245/35 ఆర్19 అనుకుంటున్నాను. ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

హైరెవ్_హిమాయత్‌నగర్:

ఫొటో లేని పోస్టు ఉప్పు లేని పప్పు. ముందు ఫొటోలు పెట్టండి భాయ్, సలహాలు తర్వాత.

పానా_మామ (నాచారం):

ఫొటోలకేం తొందర, ముందు లెక్క చూద్దాం.

ఈటీ అంటే చక్రం వెడల్పులో నడి గీత నుంచి హబ్‌కు (బండివైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం బయటివైపుకు ఎన్ని మి.మీ. జరిగి ఉందో ఆ కొలత. సంఖ్య తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. మీ పాతది 9 అంగుళాలు, అంటే 228.6 మి.మీ., సగం 114.3. అందులోంచి 52 తీసేస్తే హబ్ నుంచి బయటి అంచు 62.3 దగ్గర ఉంది. కొత్తది 8.5 అంగుళాలు, సగం 107.95. అందులోంచి 35 పోతే 72.95. అంటే వెడల్పు తగ్గినా సరే, చక్రం బయటివైపుకు 10 మి.మీ. పైన పొడుచుకొస్తుంది. లోపలివైపు చూస్తే పాతది 166.3, కొత్తది 142.95. అటు 23 మి.మీ. ఖాళీ పెరుగుతుంది కాబట్టి సస్పెన్షన్ స్ట్రట్‌కు తగులుతుందన్న భయం లేదు. మీకు ఇబ్బంది వస్తే ఫెండర్ అంచు దగ్గరే వస్తుంది, అదీ వెనక చక్రాల్లో, వెనక సీట్లో ఎవర్నైనా కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు.

10 మి.మీ. టీటీకి మరీ ఎక్కువేం కాదు, కానీ ఊరికే వదిలేసేంత తక్కువా కాదు. స్టీరింగ్ రోడ్డు గాడులను కాస్త ఎక్కువగా పట్టుకుంటుంది, బేరింగ్ మీద లీవరేజ్ పెరుగుతుంది. ఈటీ 42 నుంచి 48 మధ్యలో దొరికితే నేనైతే అదే తీసుకుంటాను. వచ్చిన చక్రాన్ని టైరు ఎక్కించకముందే ఒకసారి హబ్‌కు పెట్టి చేత్తో తిప్పి చూడండి. స్పోక్ వెనక భాగానికీ బ్రేక్ కాలిపర్‌కీ మధ్య కనీసం 3 మి.మీ. ఉండాలి. పిల్లలు ఆడుకునే క్లే కొంచెం కాలిపర్ మీద అంటించి తిప్పితే ఎంత ఖాళీ ఉందో అచ్చు పడుతుంది. లోపల అంటించే బ్యాలెన్సింగ్ వెయిట్ల మందం కూడా కలుపుకోవాలి, చాలామంది అదే మర్చిపోతారు.

టైరు సైజు మాత్రం కరెక్టుగా ఎంచుకున్నారు. 245/40 ఆర్18 మొత్తం ఎత్తు 653.2 మి.మీ., 245/35 ఆర్19 ఎత్తు 654.1. ఒక మిల్లీమీటరు కూడా తేడా లేదు, స్పీడోమీటర్‌కు తెలియను కూడా తెలియదు.

సుచిత్ర_స్పానర్:

మామ లెక్క కరెక్ట్. కానీ ఈటీ తప్పయితే ఫెండర్ గీరుకుంటుంది, అంతే. బోల్టు తప్పయితే చక్రమే ఊడి పోతుంది. కాబట్టి అసలు విషయానికి వస్తాను.

మీ బండి బోల్టు ఒకటి ఊడదీసి తల కింది భాగం చూడండి. గుండ్రంగా, గోళీని సగానికి కోసినట్టు ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కంపెనీ చక్రాల్లో బోల్టు కూర్చునే గుంట కూడా అదే గుండ్రంలో ఉంటుంది, దాన్ని బాల్ సీట్ అంటారు. బయట దొరికే అల్లాయ్స్‌లో ఎక్కువ భాగం 60 డిగ్రీల కోన్ సీట్‌వి. మర మాత్రం రెండింటికీ ఒకటే, ఎం14×1.5 (14 మి.మీ. వ్యాసం, చుట్టుకు 1.5 మి.మీ.). అందువల్ల బాల్ బోల్టు కోన్ గుంటలోకి సాఫీగా దిగుతుంది, బిగుస్తుంది, టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచే పానా) టక్కుమని కూడా అంటుంది. చూసేవాడికి అంతా బాగానే ఉంటుంది. లోపల మాత్రం గుండ్రటి తల కోన్ గోడను సన్నటి గీతలా ఒక్క వలయం మీదే తాకుతూ ఉంటుంది. ఆ గీత దగ్గర అల్యూమినియం నలిగి, కొన్ని వందల కిలోమీటర్లలో బోల్టు వదులవుతుంది.

అనుమానం ఉంటే చిన్న పరీక్ష. బోల్టు తల కింద నల్ల మార్కర్ పూసి, గుంటలో పెట్టి చేత్తో బిగించి, వెనక్కి తీసి చూడండి. సీటు సరిపోతే సిరా వెడల్పాటి పట్టీలా మొత్తం చెరుగుతుంది. సరిపోకపోతే గీత ఒక్కటే చెరుగుతుంది, మిగతా నలుపంతా అలాగే ఉంటుంది.

బూస్ట్_బేగంపేట:

ఇంత పరేషాన్ ఎందుకు అన్నా? నా సెడాన్‌కు కంపెనీ బోల్టులతోనే బయటి అల్లాయ్స్ వేయించాను, రెండేళ్ళయింది, ఏం గాలేదు. షాపులో రోజూ పది బండ్లకు బిగిస్తారు, వాళ్ళకు తెలియదా? మీరంతా కలిసి కొత్తవాళ్ళను భయపెడుతున్నారు.

పానా_మామ (నాచారం):

మీ సెడాన్ ఏ కంపెనీదో చెప్పలేదు. బీఎండబ్ల్యూ బండ్లకు కంపెనీ బోల్టే కోన్ తలతో వస్తుంది, దానికి బయటి చక్రం వేసినా సీటు సరిపోతుంది. మీకు అలా కలిసొచ్చి ఉంటే సంతోషం. పోర్షాకు మళ్ళీ గుండ్రటి సీటే, దాని గుండ్రం కొలత ఆడి కొలత ఒకటి కాదు. "ఏం గాలేదు" అన్నది కొలత కాదు. ఈ ఆదివారం మార్కర్ పరీక్ష చేసి ఫొటో పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఓఆర్ఆర్_ఆదివారం:

బేగంపేట భాయ్, నాకు జరిగింది విని అప్పుడు చెప్పు. నాది కూడా ఆడి, ఫోక్స్‌వ్యాగన్ ఫ్యామిలీలోని సెడానే. ఒక టైర్ల షాపులో అల్లాయ్స్ వేయించుకున్నాను, పేరు వద్దులే. బోల్టులు పాతవే పెట్టారు. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి వైపు వస్తుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మంటూ చప్పుడు. స్పీడ్ తగ్గిస్తే చప్పుడూ నెమ్మదించింది. రాయేదో ఇరుక్కుందనుకున్నాను. పక్కకు ఆపి చూస్తే రెండు బోల్టులు వేళ్ళతో తిరుగుతున్నాయి. మిగతా మూడింటి మీదే అంత దూరం వచ్చానన్నమాట. చక్రం విప్పితే బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయి, గుంట చుట్టూ నల్లటి అల్యూమినియం పొడి. చక్రాన్ని తుక్కు కింద వేశాను, హబ్ మార్చాల్సి వచ్చింది. షాపువాళ్ళు "మీరు గట్టిగా తోలి ఉంటారు" అన్నారు.

నల్లగండ్ల_టీటీ:

ఈరోజు మళ్ళీ షాపుకు వెళ్ళొచ్చాను, నా బండి బోల్టు ఒకటి జేబులో వేసుకుని. చక్రం గుంటలో పెట్టి వేలితో కదిపితే తల అటూ ఇటూ ఊగుతోంది. అడుగు దాకా కూర్చోవట్లేదు. సుచిత్ర గారు చెప్పిన మార్కర్ పరీక్ష కూడా అక్కడే చేశాను, పెన్సిల్‌తో గీసినంత సన్నటి గీత తప్ప ఏమీ చెరగలేదు. షాపు కుర్రాడికి చూపిస్తే కాసేపు చూసి "బిగిస్తే కూర్చుంటుంది సార్" అన్నాడు.

చక్రం వెనక స్పోక్ మీద 19×8.5జె, ఈటీ 35, గరిష్ఠ బరువు 690 కిలోలు, జేడబ్ల్యూఎల్, వీఐఏ అని ఉబ్బెత్తు అక్షరాలు ఉన్నాయి. ఐఎస్ఐ గుర్తు కనబడలేదు. ఈ గుర్తులను ఎంతవరకు నమ్మొచ్చు?

సుచిత్ర_స్పానర్:

జేడబ్ల్యూఎల్ జపాన్ ప్రమాణం, దాన్ని తయారీదారే పరీక్షించుకుని తనే వేసుకోవచ్చు. వీఐఏ అంటే ఆ పరీక్షను బయటి సంస్థ దగ్గర నమోదు చేయించారని. రెండూ ఉంటే మంచిదే, కానీ నకిలీ తయారుచేసేవాడు అక్షరాలను కూడా నకిలీ చేస్తాడు. మన దేశంలో చక్రాలకు బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 16192 ఉంది. దానికి వేసే ఐఎస్ఐ గుర్తు లేకపోతే బిల్లు, దిగుమతి కాగితాలు అడగండి. తయారీదారు పేరు, పోత పోసిన తేదీ ముద్ర లేని చక్రాన్ని నేను ముట్టుకోను, ఎంత చవకైనా సరే.

690 గురించి: బండి ప్లేటు మీద ఒక్కో యాక్సిల్‌కు గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. దాంట్లో సగం కంటే చక్రం రేటింగ్ ఎక్కువ ఉండాలి. టైరు రేటింగ్ కూడా అంతే. 245/35 ఆర్19లో 93 లోడ్ ఇండెక్స్ అంటే 650 కిలోలు, కానీ ఆ సైజు ఎక్స్ఎల్ (ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోసే రకం) టైరు కాబట్టి అదే బరువు మోయడానికి పాత టైరు కంటే కొంచెం ఎక్కువ గాలి కావాలి. పాత స్టిక్కర్ చూసి అదే గాలి పట్టకండి.

జడ్4_జూబ్లీ:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా బీఎండబ్ల్యూ జడ్4లో వెనక చక్రాలు ముందువాటి కంటే వెడల్పు, కంపెనీ నుంచే అలా వచ్చింది. టీటీకి కూడా అలా వెనక లావుగా వేస్తే ఆ లుక్కే వేరు కదా?

పానా_మామ (నాచారం):

మీది వెనక చక్రాలతో నడిచే బండి, చెల్లుతుంది. ఆయనది క్వాట్రో. దాంట్లో ముందు వెనకల మధ్య క్లచ్ ఉంటుంది. రెండు యాక్సిళ్ళ టైర్ల చుట్టుకొలత వేరయితే ఆ క్లచ్ తిన్నటి రోడ్డు మీద కూడా జారుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే కంపెనీ, వీలైతే ఒకే అరుగుదల. ఒక్క టైరు పంక్చరై పోయినా జత మార్చండి. లుక్ కోసం క్లచ్‌ను బలిపెట్టడమేంటి?

మెట్రాలజీ_మల్లాపూర్:

మధ్య రంధ్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. టీటీ హబ్ 57.1, చక్రం 66.6. అంటే 9.5 మి.మీ. వ్యాసం తేడా. మధ్యలో 66.6–57.1 రింగు వేయకపోతే చక్రం కేంద్రం ఎక్కడ కుదురుతుందో దేవుడికే తెలియాలి. రింగు అడగండి, అల్యూమినియంది తీసుకోండి.

సుచిత్ర_స్పానర్:

రింగు వేయాల్సిందే, కానీ అది బరువు మోస్తుందన్న అపోహ వద్దు. బరువు మోసేది చక్రం ముఖానికీ హబ్ ముఖానికీ మధ్య రాపిడి. ఎం14 బోల్టును 120 న్యూటన్ మీటర్లకు పొడి మర మీద బిగిస్తే లెక్క ప్రకారం ఒక్కో బోల్టు దాదాపు నాలుగు టన్నుల బలంతో చక్రాన్ని హబ్‌కు అదుముతుంది. ఐదు కలిపితే ఇరవై టన్నుల పైమాట. ఆ పట్టు ఉన్నంతవరకు రింగు ప్లాస్టిక్‌దైనా పరవాలేదు. రింగు పని బిగించేటప్పుడు చక్రాన్ని నడి మధ్యలో నిలబెట్టడం. ఆ పట్టు లెక్క తప్పకూడదనే మరకు నూనె, గ్రీసు పూయొద్దంటారు. నూనె ఉంటే అదే 120కి బోల్టు అంతకంటే చాలా ఎక్కువ సాగుతుంది.

మెట్రాలజీ_మల్లాపూర్:

ఒప్పుకుంటాను, పట్టే అసలైనది. అయినా అల్యూమినియమే అంటాను. ఘాట్ రోడ్డు దిగి వచ్చాక బ్రేకుల వేడికి చవకరకం ప్లాస్టిక్ రింగు మెత్తబడి వంకరపోవడం కళ్ళారా చూశాను. తర్వాత చక్రం విప్పితే ముక్కలై చేతికొచ్చింది. అల్యూమినియం రింగుకు ఒక చిక్కుంది, వానాకాలం తర్వాత హబ్‌కు తుప్పుతో పట్టేసుకుంటుంది. పలుచగా కాపర్ గ్రీసు రింగు లోపలివైపు మాత్రమే రాస్తే సరి. ముఖానికి అంటకూడదు, మరకు అస్సలే అంటకూడదు.

చార్మినార్_కామ్‌షాఫ్ట్:

అన్నలూ, నాకు ఒక షాపులో 5×114.3 చక్రాలు చూపించి "రెండు మి.మీ. తేడాకు ఏమైతది" అన్నడు. మరి ఏమైతది?

పానా_మామ (నాచారం):

వ్యాసంలో 2.3 మి.మీ. అంటే ఒక్కో బోల్టు కేంద్రం నుంచి 1.15 మి.మీ. పక్కకు లాగి దిగాలి. ఐదూ వంకరగా నిలబడతాయి, సీటు ఒకవైపే ఆనుతుంది. పైన చెప్పిన బాల్, కోన్ కథ కంటే ఇది ఇంకా వేగంగా వదులవుతుంది. ఆ షాపులో టీ తాగి వచ్చేయ్.

తెల్లాపూర్_గుంతలు:

అందరూ ఎలా బిగించాలో చెబుతున్నారు, అసలు 19 కావాలా అని ఒక్కరూ అడగట్లేదు. 245/40 ఆర్18కి టైరు గోడ ఎత్తు 98 మి.మీ. 245/35 ఆర్19కి 85.75. ఎవరో ఒకరు రేపు 20 కూడా అంటారు, అప్పుడు 73.5. మన నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు వాన పడ్డాక గుంత ఎక్కడుందో నీళ్ళలో కనబడదు, కాలనీల్లో రంగు కూడా వేయని స్పీడ్ బ్రేకర్లు. ఆయన పాత చక్రం లోపలి అంచు వంగింది దేనివల్ల? 98 మి.మీ. గోడ ఉన్నప్పుడే వంగింది. 19కి పోతే ఇంకా త్వరగా వంగుతుంది. ఓఆర్ఆర్ మీద ఆదివారం గంట కోసం మిగతా ఆరు రోజులు ఊపిరి బిగబట్టుకుని తోలాలి.

నన్నడిగితే మంచి ఫ్లో ఫార్మ్డ్ 18 తీసుకోండి. పోత పోసిన తర్వాత రిమ్ము గోడను వేడి మీద రోలర్లతో ఒత్తి సాగదీస్తారు కాబట్టి మామూలు పోత చక్రం కంటే తేలిక, గట్టి. బరువు తగ్గితే బండి గుంతల్లో కూడా హాయిగా నడుస్తుంది.

హైరెవ్_హిమాయత్‌నగర్:

18 పెట్టి ఆ వీల్ ఆర్చ్‌లో అంత ఖాళీ చూస్తూ బతకాలా? కిరాక్ బండికి కిరాక్ చక్రాలే ఉండాలి. 19 వేయండి, గుంతలు చూసి తోలండి, అయిపాయె.

లా_పాయింట్_ఎల్బీనగర్:

ఒక మాట చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. 2019 సవరణలో వచ్చిన 182ఏ(4) కింద అనుమతి లేని మార్పులకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. కంపెనీ తానే ఆ మోడల్‌కు ఇచ్చే సైజు పరిధిలో ఉంటే మీ వాదనకు బలం ఉంటుంది. టైరు బాడీ బయటికి పొడుచుకొస్తే మాత్రం ఎవరి కంటికైనా పడుతుంది.

ఇంకొకటి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, చక్రాల బిల్లు జతచేసి పాలసీలో చేర్పించుకోండి. ప్రీమియం కాస్త పెరుగుతుంది. చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు సర్వేయర్ మొదట అడిగేది ఆ చక్రాల గురించే.

నల్లగండ్ల_టీటీ:

అందరికీ థ్యాంక్స్. తెల్లాపూర్ గారి మాట రెండు రాత్రులు బుర్ర తిన్నది. చివరికి మధ్యేమార్గం: ఆ ఈటీ 35 సెట్ వదిలేశాను. ఇంకో చోట ఫ్లో ఫార్మ్డ్ 19×8.5, ఈటీ 45 దొరికింది, ఐఎస్ఐ గుర్తుతో. మామ లెక్క ప్రకారం బయటికి 62.95 వస్తుంది, అంటే పాతదానికి ఒక మి.మీ. లోపే తేడా. పాత 18 చక్రాలకు వంగినది సరిచేయించి, వానాకాలానికి అవే వేసుకుంటాను.

కోన్ బోల్టులు ఎం14×1.5 విడిగా తెప్పించాను. పొడవు ఎంత ఉండాలి? షాపులో 28, 35, 40 మి.మీ. ఉన్నాయి.

సుచిత్ర_స్పానర్:

అంచనా వద్దు, కొలవండి. చక్రంలో బోల్టు పెట్టి వెనక ముఖం నుంచి ఎంత మర బయటికి వస్తుందో చూడండి. ఆ తర్వాత బండికి పెట్టి, చేత్తో మొదటి పట్టు దొరికినప్పటి నుంచి సీటు తగిలేదాకా ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. ఎం14×1.5కి కనీసం ఏడున్నర చుట్లు ఉండాలి. మరీ పొడవైతే హబ్ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చి లోపల ఏదైనా భాగానికి తగులుతుంది. బిగించాక చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి, ఎక్కడా గీరుకోకూడదు.

నల్లగండ్ల_టీటీ:

అయింది. కొంచెం వివరంగా రాస్తాను, రేపు ఇంకొకరికి పనికొస్తుంది.

28 మి.మీ. బోల్టు సరిపోయింది, ఎనిమిది చుట్ల పైన పట్టింది. పాత చక్రం విప్పాక హబ్ ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా కనబడింది. వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బట్టతో తుడిచాను. ఆ తుప్పు మీదే బిగిస్తే కొన్ని రోజుల్లో పొర రాలి బోల్టు పట్టు తగ్గుతుందట. రింగు వేలితో నొక్కితే టక్కున కూర్చుంది. చక్రం దాని మీదికి ఎక్కించినప్పుడు చేయి వదిలేసినా అక్కడే నిలబడింది, అప్పుడే నాకు రింగు పని ఏంటో అర్థమైంది. బోల్టులన్నీ ముందు చేత్తో, తర్వాత చిన్న పానాతో నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి. బండి దించాక టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లు.

ఇక్కడే గొడవ. షాపు కుర్రాడు అలవాటుగా గన్ (బోల్టులు గబగబా బిగించే మెషీన్) తీసుకున్నాడు. వద్దన్నాను. "గన్‌తో అయితే గట్టిగా ఉంటుంది సార్" అని ఒప్పించబోయాడు. టార్క్ రెంచ్ నేనే పట్టుకెళ్ళాను కాబట్టి సరిపోయింది. వాళ్ళ దగ్గర ఉన్నది తాళం వేసిన బీరువాలో ఉంది, తాళంచెవి ఓనర్ దగ్గర, ఓనర్ పెళ్ళికి వెళ్ళాడు.

టైర్ల గాలి సరిచూసుకుని, మెనూలో టైర్ ప్రెషర్‌ను కొత్తగా స్టోర్ చేశాను. ఈ బండి చక్రాల వేగం చూసి గాలి తగ్గిందని పట్టుకుంటుంది కాబట్టి అది చేయకపోతే హెచ్చరిక తప్పుడుగా రావచ్చు.

ఇప్పుడు ఒక సమస్య: 95 నుంచి 110 మధ్యలో స్టీరింగ్ సన్నగా వణుకుతోంది. బ్యాలెన్సింగ్ రెండోసారి చేయించాను, మెషీన్ మీద సున్నా చూపిస్తోంది.

మెట్రాలజీ_మల్లాపూర్:

మెషీన్ మీద సున్నా వచ్చి బండి మీద వణికితే చక్రం కేంద్రంలో కూర్చోలేదని అర్థం. ముందు చక్రాలను వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి వెళ్తే చక్రానిదే తప్పు, ముందే ఉండిపోతే హబ్ సంగతి చూడాలి. దొరికిన చక్రం విప్పి, మధ్య రంధ్రం అంచులో వేలు పెట్టి తడమండి. అక్కడ రంగు మందంగా పేరుకుపోయి ఉంటుంది, చాలాసార్లు చూశాను.

నల్లగండ్ల_టీటీ:

మల్లాపూర్ గారూ, మీరు చెప్పినట్టే మార్చాను, వణుకు నా సీటు కిందికి వచ్చింది. కుడి ముందు నుంచి వెనక్కి వేసిన చక్రం విప్పితే మధ్య రంధ్రం అంచున ఒకచోట రంగు గడ్డ. రింగు అక్కడ ఎత్తి ఒరిగి కూర్చుంది, రింగు మీద ఒకవైపే మెరుస్తున్న గీత పడింది. సన్నటి ఎమరీ కాగితంతో ఆ గడ్డను తీసేసి మళ్ళీ బిగించాను. ఈ పొద్దున కోకాపేట నుంచి శంషాబాద్ దాకా వెళ్ళొచ్చాను, 120 లిమిట్ దాకా కూడా ఏ వణుకూ లేదు.

పానా_మామ (నాచారం):

శభాష్. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లబడ్డప్పుడు మళ్ళీ 120కి సరిచూడండి. కొత్త చక్రం రంగు పొర అణగి బోల్టు కాస్త తిరిగినా ఆశ్చర్యం లేదు. రెండోసారి కూడా అదే బోల్టు ఇంకా తిరిగితే ఆగండి, విప్పి సీటు చూడండి. ఇంకోటి, మీరు వానాకాలానికి పాత 18 వేస్తానన్నారు కదా. కోన్ బోల్టులను పొరపాటున వాటికి పెట్టకండి, తప్పు అటువైపు నుంచి కూడా అంతే తప్పు. డిక్కీలో స్పేర్ చక్రం ఉంటే అది కంపెనీదే కాబట్టి దానికీ పాత గుండ్రటి బోల్టులే కావాలి. ఐదు బోల్టులు స్పేర్ పక్కనే పెట్టండి. రాత్రిపూట హైవే మీద పంక్చరైనప్పుడు ఇంట్లో డబ్బాలో ఉంటే ఏం లాభం?

నల్లగండ్ల_టీటీ:

పెట్టేశాను మామా. జిప్ కవరులో ఐదు గుండ్రటి బోల్టులు, మీద మార్కర్‌తో "కంపెనీ చక్రానికి మాత్రమే" అని రాసి. పాత చక్రాలు వేసే రోజున మళ్ళీ మీ చేత తిట్టించుకోకుండా మిగతా పదిహేనూ వాటితోపాటే కట్టి ఉంచాను.

బూస్ట్_బేగంపేట:

మార్కర్ పరీక్ష చేశాను. ఫొటో పెట్టను. కోన్ బోల్టులు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి.

సుచిత్ర_స్పానర్:

రాణిగంజ్‌లో అడగండి, దొరక్కపోతే తెప్పిస్తారు. ముందు చేతిలో వెర్నియర్ పెట్టుకుని వెళ్ళండి, తల మీద 10.9 అని బోల్టు బలం చెప్పే గ్రేడ్ ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. అప్పటిదాకా బండిని ఇంటి దగ్గరే ఉంచండి.